మా ఇంటిపేరు రీలింగు

నాగమ్మాళ్ అక్క పోయిందన్న కబురు మంగళవారం పొద్దున మా పత్రిక ఆఫీసుకు ఫోనులో వచ్చింది. ఊళ్ళో వాళ్ళ చావు వార్తలు రాయడం ఇన్నేళ్ళుగా నా ఉద్యోగంలో భాగం. అయినా ఆ పూట కలం పట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను.

కోయంబత్తూరులో మిల్లు లైను, అంటే కార్మికుల వరుస ఇళ్ళ ముందు ఆమెను పడుకోబెట్టారు. పుట్టింటి బట్ట కప్పే వేళ వచ్చింది. అక్కకు పుట్టింటివాళ్ళు ఎవరూ మిగల్లేదని అందరికీ తెలుసు. అయినా ముసలి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కొత్త బట్టలతో ముందుకు వచ్చారు. నాయుళ్ళ ఆమె, దాసరి ఆమె, మెడలో సిలువ వేసుకున్న మేరి. "వీళ్ళందరూ ఎట్లా పుట్టిల్లయిరి?" అని వెనక కుర్రవాళ్ళు గుసగుసలాడారు. వాళ్ళకు చెప్పవలసిన బాధ్యత నాది.

నాగమ్మాళ్ అక్క మిల్లులో రీలింగు ఖాతా మనిషి. కండెల మీది నూలును చిలపలుగా చుట్టే పని. అక్కడంతా ఆడవాళ్ళే. అక్క పొట్టి మనిషి, గొంతు మాత్రం షిఫ్టు మారేటప్పుడు కూసే మిల్లు సంగు కంటే పెద్దదని మేస్త్రీలు ఎగతాళి చేసేవారు. "సంగు పొద్దుకు మూడు తూర్లే కూస్తాది, నాకు ఆ కట్టుబాటు లేదు" అని ఆమె జవాబు.

ఒక కూతురూ ఒక కొడుకూ పుడితే, ఆ కొడుకును పసితనంలోనే పోగొట్టుకున్న తల్లి ఆమె. ఆ సంగతి ఎవరైనా కదిలిస్తే ఒకటే చెప్పేది. "లైనంతా వచ్చి నాకు ధైర్యం చెప్పిరి తంబి. ధైర్యం నా దగ్గర ఉండింది. ఇంట్లో నీళ్ళే లేకుండె. బిడ్డ పోయినదాన్ని, కుళాయి దగ్గర కొట్లాడే ఓపిక యాడిది? మేరి రెండు బిందెలు తెచ్చి పెట్టి, ఏమీ మాట్లాడకుండా పోయె." ఆ తరువాత లైనులో ఏ ఇంట చావు జరిగినా, ఆ ఇంటి బిందెలు నిండాయా లేదా అని మొదట చూసేది నాగమ్మాళ్ అక్కే.

మా అన్న అదే మిల్లులో పనిచేస్తూ గుండె ఆగి పోయాడు. మా సరోజ వదినకు ఇద్దరు చిన్నపిల్లలు. పత్రికలో కొత్తగా చేరిన నా జీతం నాకే చాలేది కాదు. భార్యకు రీలింగులో పని ఇస్తామని మిల్లువాళ్ళు అన్నారు, కానీ నెలాఖరులోగా వచ్చి చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. వదిన మాత్రం గోడవైపు తిరిగి కూర్చుని ఉండేది. పిల్లలు పిలిచినా పలికేది కాదు. పైగా మావాళ్ళలో ఒక కట్టుబాటు: పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కట్టించి, గుడికి తీసుకుపోతేనే భర్త పోయిన ఆడది గడప దాటాలి. వదినకు పుట్టింటి తరఫున ఉన్నది కంబంలో ఒక అన్న. అతను జ్వరంతో మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు.

నెల ముగియవచ్చింది. నాగమ్మాళ్ అక్క వచ్చి మా అమ్మ ఎదుట కూర్చుంది.

"అత్తా, సరోజను పంపించు. చోటు పోతాది."

"పుట్టింటి చీర రాకుండా యెట్లా పంపేది? నలుగురు నవ్వరా?"

"ఆ నలుగురు బిడ్డలకు సోరు పెడతారా?"

"నువ్వు ఊరికే ఉండు నాగమ్మా. నా కొడుకు పోయినాడు, మా ముఱ, మా కట్టుబాటు కూడా పోవల్లనా?"

అమ్మ దుఃఖం కూడా దుఃఖమే కదా. అక్క చెంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

మరునాడు మొదటి షిఫ్టు వదిలాక మా వీధిలో అలజడి. రీలింగు ఆడవాళ్ళందరూ తలలో దూది పీచులతో అట్లాగే వస్తున్నారు. ముందు నాగమ్మాళ్ అక్క, ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ముదురు నీలం నూలుచీర, ఆకూ వక్కా, అరటిపళ్ళు. గడప దగ్గర నిలబడి, "పుట్టింటివాళ్ళం వస్తిమి" అంది.

అమ్మ తలుపుకు అడ్డం నిలిచింది. "ఎవరే మీరు పుట్టింటివాళ్ళు? మీ ఇంటిపేరేమి?"

"మా ఇంటిపేరు రీలింగు" అంది అక్క, తడుముకోకుండా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ పళ్ళెం వైపు చూసింది. "రంగు చీరనా?"

"తెల్లచీర అయితే మిషను నూనెకు నిలుస్తాదా అత్తా? ఉతికేది నువ్వా?"

ఆ మాటకు అమ్మ పెదవి కదిలింది. తరువాత ఏడ్చింది. ఏడుస్తూనే తలుపు వదిలి పక్కకు జరిగింది. మేరి లోపలికి పోయి, వదినను గోడవైపు నుంచి ఇటు తిప్పి, చీర చుట్టబెట్టింది. తెల్లవారి షిఫ్టుకు పోతూ వాళ్ళే వదినను తోడుకుపోయారు. మిల్లు గేటు లోపల ఒక పిళ్ళయార్ గుడి, అంటే వినాయకుడి గుడి, ఉంది. గుడికి పోయినట్టూ అయింది, పనిలో చేరినట్టూ అయింది. కట్టుబాటు చెడలేదు, చోటూ పోలేదు. ఈ ఉపాయం ఏ పెద్దమనిషికీ తోచలేదు. నాకు కూడా.

ఆ తొలిరోజు సంగతి వదినే చెప్పింది. మిషను ముందు నిలబడగానే, అన్న పోయిన నాటినుంచి రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చిందట. అక్క చిలపలన్నీ దూరంగా జరిపి, "ఏడువు కన్నూ, బాగా ఏడువు. నూలు మాత్రం తడపొద్దు, మేస్త్రీ నన్ను తిడతాడు" అందట. మిగతావాళ్ళు వదిన వాటా నూలు కూడా తలా కొంత చుట్టేశారట.

సాయంత్రం వదిన తిరిగి వచ్చేసరికి అమ్మ వేడినీళ్ళు కాచి పెట్టింది. "రేపు కూడా పోవల్లనా?" అని అడిగింది.

"పోవల్ల అత్తా" అంది వదిన. గోడవైపు తిరిగింది మొదలు ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

రీలింగు పనిమీదే మా వదిన ఇద్దరు పిల్లలనూ చదివించింది. అక్క మా ఇంట తన మేలు గురించి ఒక్కసారైనా ఎత్తింది లేదు. అట్లాంటి మనిషి ఉన్న లైనులో పుట్టినందుకు నాకు గర్వం. ఆమె లేని లైనులో రేపు ఎవరింటనైనా దీపం ఆరితే, మేమంతా చేతులు కట్టుకుని నిలబడతామేమోనని భయం.

నిన్న వదిన నా దగ్గరికి వచ్చి, అవినాశి బస్సు ఎక్కించమంది. కార్యమంతా అయ్యాక అక్క కూతురు అక్కడి తన ఇంటికి తిరిగిపోయి ఒంటరిగా ఉంది.

"పోయి ఏం చెప్తావు వదినా?" అన్నాను.

"చెప్పేదేముండాది తంబి? వచ్చిపోయే జనానికి వండిన గిన్నెలుంటాయి కదా. తోమి వస్తా."