తిరగలి దగ్గర వాసన

ఈ ఉదయం కూడా తేయాకు పొడి డబ్బా మూత తీసి ముందు వాసన చూశాను. పచ్చిగడ్డి వాసన ముక్కుకు అందేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఈ అలవాటు, దాని వెనకున్న భయం, రెండూ శకుంతల ఆంటీ కొట్లో పట్టుకున్నవే.

మౌంట్ రాస్కిల్‌లో ఆమెది చిన్న మాచా కొట్టు, అంటే జపాన్ వాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే పచ్చ తేయాకు పొడి అమ్మే కొట్టు. ఆక్లాండ్‌లో చదువుకుంటూ అక్కడ పనికి చేరాను. పెళ్లైన కొత్తలో జపాన్‌లో ఉన్నప్పుడు ఆంటీ ఈ పని నేర్చుకున్నారట. కోతకు ముందు కొన్ని వారాలు తేయాకు మొక్కలకు ఎండ తగలకుండా కప్పుతారని, ఆకుకు ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేస్తారని ఆమే చెప్పారు. అలాంటి ఆకు తెప్పించి రాతి తిరగలిలో విసిరేవారు. గంటసేపు విసిరితే గుప్పెడు పొడి వచ్చేది. మొదటి రోజు నేను హడావిడిగా తిప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏంటమ్మాయ్, బస్సు మిస్సవుతున్నావా? రాయి వేడెక్కితే పొడి మాడిపోతుంది. ఇది వడకట్టి పారేసే ఆకు కాదు, మొత్తం కడుపులోకే పోతుంది."

మాడిందో లేదో గది అవతల నుంచే ఆమె ముక్కు చెప్పేది. రెండో చలికాలంలో ఒకరోజు ఆమె విసురుతుంటే నాకు మాడు వాసన వచ్చింది. ఆమె ఆపలేదు. పొడి నా ముందుకు జరిపి, "ఎలా ఉంది?" అన్నారు. అంతకుముందెప్పుడూ నన్నలా అడగలేదు. మా నాన్నకు చేతులు వణకడానికి కొన్నేళ్ల ముందే వాసనలు తెలియడం ఆగిపోయింది. ఆ వణుకుడు జబ్బు ఆయన్నేం చేసిందో దగ్గరుండి చూశాను. "బాగుంది ఆంటీ" అన్నాను.

ఆ పొడి ఐస్‌క్రీమ్ చేసే కేఫ్‌కు వెళ్లి మర్నాడే తిరిగొచ్చింది.

"నాకు తెలియట్లేదనే కదా నిన్నడిగింది! అబద్ధమెందుకు చెప్పావ్?"

"భయమేసింది."

"ఎవరికి భయపడ్డావ్, కేఫ్ వాళ్లకా?"

"మీ గురించి, ఆంటీ."

నాన్న సంగతి చెప్పాను. ఆమె తిరిగొచ్చిన పొడిని చెత్తబుట్టలో వంపి, తిరగలి రాయి తుడిచారు. "రేపు డాక్టర్ దగ్గరికి నువ్వే డ్రైవ్ చెయ్యి" అన్నారు. "ఇక నుంచి ముక్కు నీది. మాడితే మాడిందని చెప్పాలి, తెలిసిందా?"

నేను భయపడినట్టే, నాన్నకొచ్చిన జబ్బేనని డాక్టరూ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి పిడి తిప్పడం నా పనైంది. ఆమె మంచం పట్టాక ఒకసారి పొడి తీసుకెళ్లాను. ఎలా ఉందని అడిగారు. "కాస్త మాడింది" అన్నాను. "ఫాస్ట్‌గా తిప్పుంటావ్" అని నవ్వారు. ఆ నవ్వు చూసి బయటికొచ్చి ఏడ్చాను.

పోయిన చలికాలంలో ఆమె పోయారు. తిరగలి మా ఇంట్లో ఉంది. నేను మా నాన్న కూతుర్ని, ఆ జబ్బు నాకూ రావచ్చు. అందుకే రోజూ వాసన చూశాక డబ్బా మా ఆయన ముందు పెట్టి, "ఎలా ఉంది?" అని అడుగుతాను. నాకు తెలిసిందీ, ఆయన చెప్పిందీ ఇవాళ్టికి ఒకటే.