ఆ కానిస్టేబుల్ ఏ భాషలో మాట్లాడాడు

మా నాన్నగారు సైన్సు మాస్టారు. కోనసీమలో మా బడికి వెళ్లే దారిలో ఒక పాడుబడ్డ ఇల్లుండేది. పిల్లలందరూ దాని ముందు పరుగెత్తేవాళ్లు. నేను నడిచే వెళ్లేదాన్ని. దెయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఇది చదివాక మీరు నన్ను వెర్రిదాన్నంటారేమో. అనండి. జరిగింది మాత్రం ఇదే.

తొంభైల నడిమి సంవత్సరాలు. మా ఆయనా నేనూ ఇద్దరం కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో గుమాస్తాలం. ఆర్.కె. పురంలో క్వార్టరు. పాప చిన్నది. ఆ రోజుల్లో ఢిల్లీలో ఎప్పుడు ఎక్కడ బాంబు పేలుతుందో తెలిసేది కాదు. బస్సెక్కగానే ముందు వంగి సీటు కింద చూసుకునేవాళ్లం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పినంత మామూలైపోయింది ఆ పని. భయం కూడా కొన్నాళ్లకి పాతబడుతుంది. అలసట మిగులుతుంది.

ఒక ఎండాకాలం శనివారం మధ్యాహ్నం కుక్కర్‌కి కొత్త గాస్కెట్ కొందామని బజారుకెళ్లాను. ఏ బజారో చెప్పను. అక్కడ తమవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

సందులో స్టీలు సామాన్ల కొట్టు ఒకటుంది. నడిపేది ఒక పెద్దావిడ. దేశ విభజనప్పుడు చిన్నపిల్లగా ముల్తాన్ వైపు నుంచి వచ్చిందట. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను బేటీ అనేది. మోకాళ్ల నొప్పికి మాత్రలు కొనాలంటూ షట్టర్ సగం దించి నాతోపాటే బయల్దేరింది. మందుల షాపు పెద్ద రోడ్డు మీద. నా బస్సు కూడా అక్కడే.

సందు చివర పెద్ద రోడ్డులోకి అడుగు పెట్టబోతుంటే ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డంగా పెట్టి ఆపాడు. ఖాకీ బట్టలు, నల్ల బెల్టు, చంకల కింద చెమట మరకలు. అతని చెయ్యి నాకు బాగా గుర్తుంది. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది.

ఇటు వెళ్లొద్దు, వెనక్కి పొండి అన్నాడు. ఒక్కసారే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఢిల్లీ పోలీసు మాట వింటే నాకు మామూలుగా ఒళ్లు మండుతుంది. ఆ రోజు ఎందుకో ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టనిపించి వెనక్కి తిరిగాను. ఆంటీ కూడా గొణుక్కోకుండా తిరిగింది.

ఆవిడ కొట్టు దాకా వచ్చామో లేదో, పెద్ద రోడ్డు మీద బాంబు పేలింది.

దాన్ని నేను వర్ణించను. చాలాసేపు చెవుల్లో ఈల తప్ప ఏమీ వినిపించలేదు. కొట్లో గిన్నెలన్నీ కింద పడి ఉన్నాయి. అవి పడ్డ చప్పుడు నేను వినలేదు.

జనం ముందు పారిపోయారు. తర్వాత వాళ్లే వెనక్కొచ్చారు. కూరగాయలమ్మేవాళ్లు బండ్ల మీది సరుకు నేల మీద పారబోసి, ఆ బండ్ల మీద గాయపడ్డవాళ్లను తోసుకుపోయారు. ఆడవాళ్లు చున్నీలు చింపి ఇచ్చారు. ఇదంతా అయ్యాక వచ్చింది పోలీసు వ్యాను. అప్పటిదాకా పనిలో మునిగిన జనానికి వ్యాను కనపడగానే కోపం పొంగింది. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. లాఠీలు లేచాయి. ఎవరో తెల్ల అంబాసిడర్‌లో వచ్చి దిగకుండానే వెళ్లిపోయారు. భుజాన సంచీ ఉన్న పాపానికి ఒక కుర్రాడికి "వీడే, వీడే" అంటూ దెబ్బలు పడ్డాయి. ఆ సంచీలో అన్నం డబ్బా దొరికింది.

"ఒక్క సిపాయి కూడా లేడు! ఇంత పెద్ద బజారుకి ఒక్కడంటే ఒక్కడు!" అని అందరూ అరుస్తున్నారు.

"ఒకాయన ఉన్నాడు, మమ్మల్ని ఆపాడు," అని నేనన్నాను. ఆ మాట ఎవరి చెవిన పడిందో, మర్నాడు పొద్దున్నే మా క్వార్టరుకి కబురొచ్చింది, పోలీసు స్టేషనుకి రమ్మని.

మా ఆయన భయపడ్డాడు. "ఎందుకొచ్చిన గొడవ పద్మా? గవర్నమెంటు ఉద్యోగాలు మనవి. ఏమీ చూడలేదని చెప్పేసెయ్," అన్నాడు. చూశాను గదా అన్నాను.

ఇన్‌స్పెక్టరుది గఢ్వాల్ కొండల ప్రాంతం. నెరిసిన మీసం, నిద్రలేని కళ్లు. నాకు టీ తెప్పించి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "మేడమ్, ఆ మూల మీద మావాళ్లెవరికీ డ్యూటీ లేదు. దగ్గర్లో కూడా లేదు. అంటే ఖాకీ వేసుకున్న ఎవడో, పేలుతుందని ముందే తెలిసినవాడు అక్కడ నిలబడ్డాడు. అతను మాకు కావాలి. ఏమన్నాడో మాటకి మాట చెప్పండి."

చెప్పాను. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: "ఇటెల్లకమ్మా. ఎనక్కెల్లిపో. ఆగమాకు."

ఇన్‌స్పెక్టరు కలం ఆపాడు. "ఏ భాష ఇది?"

అప్పుడు తెలిసింది నాకు. అతను నాతో తెలుగులో మాట్లాడాడు. అదీ మా కోనసీమ కాలవగట్టు యాసలో. ఢిల్లీ నడిబజారులో ఒక కానిస్టేబుల్ నాతో మా ఊరి మాట మాట్లాడితే ఆ క్షణాన నాకు వింతగా కూడా అనిపించలేదు.

నేను చెప్పిన నిజం ఇంకొకరి మెడకు చుట్టుకుంది. అదే బజారులో ఒక బట్టల షోరూము ముందు సత్తిబాబు అనే వాచ్‌మన్ ఉండేవాడు. తూర్పుగోదావరి వాడు. ఖాకీ యూనిఫారం. పేలుడు రోజున పనిలోకి రాలేదు. జ్వరం అన్నాడట. ఖాకీ, తెలుగు, ఆ రోజు కనపడకపోవడం. పోలీసులకి ఇంకేం కావాలి?

మళ్లీ నన్ను పిలిపించారు. స్టేషను బయట పెద్ద గుంపు. వాణ్ని మాకప్పగించండి, మేం చూసుకుంటాం అని కేకలు. లోపల ఒక పెద్ద ఆఫీసరు టెలిఫోనులో ఎవరికో "సార్, సార్" అంటూ చెమటలు తుడుచుకుంటున్నాడు. పైవాళ్లకి ఆ సాయంత్రానికల్లా ఒక మనిషి కావాలి.

సత్తిబాబు గోడ వారన కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నన్ను చూడగానే లేవబోయాడు, లేవలేకపోయాడు.

"అమ్మా, మీరు తెలుగోరంట గదండీ. నేను కాదని సెప్పండమ్మా. నాకు ఇద్దరు ఆడపిల్లలండీ," అన్నాడు.

యాస అదే. గొంతు అది కాదు. చేతులు చూశాను. బొటనవేళ్లు రెండూ బాగానే ఉన్నాయి.

"ఇతను కాదు," అన్నాను.

"మొహం గుర్తుందా?" అన్నాడు ఆఫీసరు.

లేదు. అదే నా కష్టం. బెల్టు గుర్తుంది, చెమట గుర్తుంది, నల్లబడ్డ గోరు గుర్తుంది. మొహం దగ్గరికొచ్చేసరికి ఎంత తవ్వుకున్నా ఏమీ రాదు. గుర్తు లేదన్నాను. మరి కాదని ఎలా అంటారు, ప్రభుత్వ ఉద్యోగులు మీరు, బాధ్యత ఉండాలి, బయట జనం చూశారా అంటూ గొంతు పెంచాడు. నేనూ మొండికేశాను. కాదు, కాదు, కాదు. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాను. చివరికి నోరెండిపోయి బల్ల మీద తల ఆనించుకున్నాను.

అప్పుడు ఇన్‌స్పెక్టరు ఆంటీని పిలిపించాడు. ఆవిడ నా పక్కనే ఉంది గనక ఆవిడనీ అడగాలన్నాడు. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. మా ఇద్దరినీ మాట్లాడుకోనివ్వలేదు. నేను వింటుండగానే అడిగారు, అతను ఏమన్నాడని.

ఆవిడ పంజాబీలో ఏదో చెప్పింది. నాకు తెలిసిన పంజాబీ కాదది. ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ వెంటనే తలెత్తి చూశాడు.

"ఇది ముల్తాన్ వైపు మాట. ఇప్పుడెవరూ ఇలా మాట్లాడరు," అన్నాడు.

"మా నాన్న ఇలాగే మాట్లాడేవాడు," అంది ఆంటీ. "ఆయన పోయాక ఈ మాట నేను ఎక్కడా వినలేదు. ఆ సిపాయి అచ్చం అలాగే అన్నాడు. ఇటు వద్దు తల్లీ, వెనక్కి పో, ఆగకు అని."

ఆ రోజు ఆ మూల మీద మేమిద్దరం భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉన్నాం. ఆ కానిస్టేబుల్ ఒక్కసారే నోరు తెరిచాడు.

"బేటీ, నీతో ఏ భాషలో అన్నాడు?" అని నా వైపు తిరిగింది. చెప్పాను. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది.

మా ఇద్దరి సాక్ష్యాలూ ఏ కేసులోనూ ఇమడవు. ఇమడకపోవడమే సత్తిబాబుని కాపాడింది. ముల్తానీ మాట్లాడిన కానిస్టేబుల్ తెలుగు వాచ్‌మన్ ఎలా అవుతాడు? ఇన్‌స్పెక్టరు పెద్దాఫీసరుతో చాలాసేపు వాదించాడు. చీకటి పడకముందే సత్తిబాబుని వెనక గుమ్మంలోంచి పంపేశారు. కొన్నాళ్లకి పెళ్లాం పిల్లలతో ఊరెళ్లిపోయాడని విన్నాను. బయట గుంపు అప్పటికే పలచబడింది. వారం తిరక్కుండా బజారు తెరిచారు. మనుషులు ఎక్కువ రోజులు కోపంగా ఉండలేరు. పనులుంటాయి.

తర్వాత నేను చాలా రకాలుగా సర్దిచెప్పుకున్నాను. పేలుడు దెబ్బకి జ్ఞాపకం చెదిరిందనుకున్నాను. అతను హిందీలోనే అన్నాడు, మా బుర్రలు వాటి భాషల్లోకి మార్చుకున్నాయనుకున్నాను. సరే, అదే అనుకుందాం. డ్యూటీ లేని చోట ఆ మనిషి ఎవరు? పేలుతుందని అతనికెలా తెలుసు? పేల్చినవాళ్ల మనిషే అయితే మమ్మల్నిద్దరినే ఎందుకు ఆపాడు? రోడ్డు మీద ఎంతమంది ఉన్నారు! ఈ చివరి ప్రశ్న దగ్గర నేను ఆగిపోతాను. ఇన్నేళ్లయినా అక్కడే ఆగిపోతున్నాను.

చివరిసారి సంతకం పెట్టడానికి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు ఒక్కడే ఉన్నాడు. నన్ను గుమ్మం దాకా సాగనంపాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"మేడమ్, ఇది ఎక్కడా రాయను, ఊరికే అడుగుతున్నా. మా ఊళ్లో ఇళ్లకి తాళాలు పడ్డాయి. అమ్మ పోయింది. మా గఢ్వాలీ మాట మాట్లాడేవాళ్లు నాకిప్పుడెవరూ లేరు. ఆ మూల మీద ఆ రోజు నేనుండుంటే..." అని ఆగాడు. "నాతో ఏ భాషలో మాట్లాడేవాడంటారు?"

నాకు జవాబు తెలుసనిపించింది. నమస్తే అని బస్‌స్టాపుకి నడిచాను.