సగం బొమ్మతో శామీర్‌పేటకు

కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పందొమ్మిదేళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నాను. పిల్లల బొమ్మలు ఎన్నో దిద్దాను గానీ, నేను వేసినది ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. అందులో ఒకటి రెండేళ్లుగా నన్ను తిప్పలు పెడుతోంది. అది మా అక్క సుగుణ బొమ్మ. నాకు పదేళ్లప్పుడు నాయిన చనిపోతే, మేం అవ్వ అని పిలిచే అమ్మకు తోడుగా పద్నాలుగేళ్ల అక్క బడి మానేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. ఆమె చుట్టిన బీడీలతోనే నేను హైదరాబాద్‌లో డ్రాయింగ్ కోర్సు చదివాను. ఆమె బీడీలు చుడుతున్నట్టు బొమ్మ వేసి ఆమెకే ఇవ్వాలని నా కోరిక. ముఖం కుదిరింది, చీర కుదిరింది. చేతులు మాత్రం ఎన్నిసార్లు వేసినా కొయ్యబొమ్మ చేతుల్లా ఉండేవి. విసుగొచ్చి ఆ కాన్వాసు మీద తెల్లరంగు పూసేద్దామనుకుంటున్న వారంలోనే పాత క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. ప్రతి నెలా రెండో శనివారం శామీర్‌పేటలో కొందరు కళాకారులు కలుస్తారట. పాటైనా, బొమ్మైనా, నాటకమైనా పూర్తయింది తేకూడదు, సగంలో ఆగిపోయిందే తేవాలి. పోతే పోయేదేముంది అనుకున్నాను.

కాన్వాసుకు పాత దుప్పటి చుట్టి పొద్దున ఆరున్నర ప్రాంతంలో రైలెక్కాను. ఎనిమిదిన్నరకల్లా మేడ్చల్‌లో ఉన్నాను, టికెట్ నలభై రూపాయల లోపే. స్టేషన్ బయట నాలుగు ఇడ్లీలు తిని ఆటో కోసం చూశాను. షేర్ ఆటోలో కాన్వాసు పట్టదు కాబట్టి మూడు వందలకు ఒక ఆటో మాట్లాడుకోవాల్సి వచ్చింది. డ్రైవర్ దుప్పటి మూటను చూసి, "గదేందన్నా, అద్దమా?" అన్నాడు.

"బొమ్మ. ఇంక పూర్తి గాలేదు. చూపెట్టనీకి తీస్కపోతున్న."

"కానిదాన్ని సూపెట్టుడేందే! మా ఇల్లు గూడ మూడేండ్ల సంది సగమే అయింది. సుట్టాలొస్తే నేనే బయటికి ఉరుకుత," అని పకపకా నవ్వాడు. నవ్వాడే గానీ, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండిని బాగా నెమ్మది చేసి, వెనక్కి తిరిగి బొమ్మ ఎలా ఉందో చూసుకుంటూ నడిపాడు. దారి పొడవునా కొత్త వెంచర్ల గోడలు, మధ్యమధ్య కూరగాయల మడులు. ముప్పావు గంటలో శామీర్‌పేట చేరాం. చెరువుకు కొంచెం ఇవతల, చిన్న చర్చి వెనకున్న రేకుల హాలు ముందు దించాడు.

లోపల పది పన్నెండు మంది చాపల మీద కూర్చున్నారు. ఈ కలయికను నడిపే సునీత తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబ్‌లో పని చేస్తుంది. కంపెనీ క్యాబ్‌లో వస్తూ పోతూ నాటకం రాస్తోంది. కొత్తవాడిని కదా అని నాకు పద్ధతి చెప్పింది. "బాగుంది అనొద్దు సార్, బాలేదు అని గూడ అనొద్దు. మీకు ఏం కనవడ్డదో చెప్పాలె, తెల్వంది అడగాలె. గంతే."

మొదట మల్లేశం పాడాడు. ఆయన ఆ చెరువులోనే చేపలు పడతాడు. తొలి వానకు చెరువులోకి కొత్త నీళ్లు రావడం మీద కట్టిన పాట. రెండు చరణాలు అయ్యాయి, మూడోది ఏడాదిగా రావడం లేదట. సునీత అడిగింది. "నీళ్లొచ్చినయ్, చేపలొచ్చినయ్, అందరు వలలు పట్టుకొని దిగిన్రు. నువ్వేడున్నవ్ మల్లేశన్నా?"

ఆయన తల గోక్కున్నాడు. "నేనా? గా ఏడు కాలిరిగి ఒడ్డు మీదనే కూసున్న. నా వల ఇంకోడు తీస్కపోయిండు."

"మరి గది పాటల లేదు గదా?"

మల్లేశం కళ్లు మూసుకుని సన్నగా ఏదో కూనిరాగం మొదలుపెట్టాడు. ఒక పంక్తి దొరికాక కళ్లు తెరిచి, పక్కవాళ్ల దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు.

పదకొండున్నరకు నా వంతు వచ్చింది. దుప్పటి విప్పాను. బొమ్మను గోడకు ఆనించి, ఇది మా అక్క అనీ, చేతులు కుదరడం లేదనీ మాత్రం చెప్పాను. సునీత చాలాసేపు చూసి, "అక్క మీ దిక్కే సూస్తాంది గదా సార్. మీరు ఆమెను పిల్చిన్రా?" అంది.

అప్పటికి వంట చూస్తున్న రూతమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. ఆ హాలు ఊడ్చేదీ, అందరికీ అన్నం వండేదీ ఆమే. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నేనొకటి అడగొచ్చునా?" అంది. అడగమన్నారు. "సారూ, నాది సిద్దిపేట దిక్కు. పెండ్లయ్యెదాక బీడీలే సుట్టిన. దినానికి వెయ్యి సుట్టాలె. సూపంత ఏళ్ల మీదనే ఉంటది, తల లేపితే పని ఆగుతది. గీమె తల లేపి నవ్వుతాంది. మీ అక్క నిజంగ గిట్ల సూసిందా?"

"సూడలే," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. చిన్నప్పుడు బొమ్మ వేసిన ప్రతిసారీ నోటుబుక్కు పట్టుకుని అక్క ముందు నిలబడేవాడిని. ఆమె తలెత్తకుండానే "ఊఁ, మంచిగుంది తమ్మీ" అనేది. నా బొమ్మలంటే అక్కకు లెక్కలేదని ఎన్నిసార్లు అలిగానో. ఆ రోజుల్లో నాకు దొరకని చూపునే రెండేళ్లుగా కాన్వాసు మీద వేసుకుంటున్నాను. నన్ను చూసి నవ్వుతున్న ముఖానికి, బీడీ చుట్టే చేతులు ఎలా అతుకుతాయి? ఇదంతా వాళ్లకు చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. మల్లేశం నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

రూతమ్మ లోపలికి వెళ్లి ఒక పెద్ద స్టీలు పళ్లెం, పాత పేపరు తెచ్చింది. నా ఎదురుగా కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఆకులంత ముక్కలు చింపి చుట్టడం మొదలుపెట్టింది. "గీసుకో సారూ," అంది. నలభై ఏళ్ల కిందటి పని ఆమె వేళ్లు ఏమాత్రం మరిచిపోలేదు. అరగంటలో తొమ్మిది స్కెచ్‌లు వేశాను. "అమ్మా, అన్నం సల్లారుతాంది," అని ఎవరో అంటే, "సల్లారనియ్," అంది తల ఎత్తకుండా.

తర్వాత మల్లేశం తెచ్చిన చేపలతో పులుసు, అన్నం. భోజనానికి తలా వంద రూపాయలు డబ్బాలో వేస్తారు. నాలుగు దాటాక సునీత తన కారులో మేడ్చల్ స్టేషన్‌లో దించింది. చీకటి పడేసరికి ఇల్లు చేరాను.

మర్నాడు ఆదివారం, కాన్వాసూ స్కెచ్‌లూ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. ఆమె బొమ్మను చూసి, "నేను గింత మంచిగ ఎన్నడున్న తమ్మీ," అని నవ్వింది. ధైర్యం చేసి అడిగాను. "అక్కా, నా బొమ్మలు తెచ్చినప్పుడు ఎందుకు సూడకపోతుంటివి?"

"నీ ముందట సూస్తే పని ఆగుతది, అవ్వ తిడ్తది. రాత్రి నువ్వు పండుకున్నంక బుక్కు తీసి సూసేదాన్ని. ఒకపారి ఎద్దుకు మూడే కాళ్లు ఏసినవ్. నాలుగోది నేనే గీసిన, నీకు ఎర్కలేదా?"

నాకు ఎరుక లేదు. ఆ ఎద్దు వంకర కాలు కూడా నేనే గీశానని ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు బొమ్మలో అక్క తల వంచుకుని ఉంది. చేతులు కుదురుతున్నాయి, పని ఇంకా ఉంది. ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక పూట తమ పని పక్కనపెట్టి నా సగం పనిని ఓపికగా చూడకపోతే నేను అక్కను ఆ ప్రశ్న అడిగేవాడినే కాదు. రూతమ్మకు, వాళ్లందరికీ నేను జీవితాంతం రుణపడి ఉంటాను. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: సిటీ నుంచైతే సికింద్రాబాద్‌లోని జూబిలీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ వైపు వెళ్లే బస్సెక్కి శామీర్‌పేటలో దిగండి, మేడ్చల్ మీదుగా రావాల్సిన పని లేదు. ఏ దారిన వచ్చినా పదిలోపు చేరండి. రూతమ్మ బియ్యం పోసేది అప్పుడే, వచ్చినవాళ్లను లెక్కబెట్టి పోస్తుంది.