ఆకు బొమ్మలో నేను దాచిన మచ్చలు

ఎవరైనా నా వంక ఓ క్షణం ఎక్కువగా చూస్తే, తెలిసిపోయిందేమోనని ఉలిక్కిపడటం నాకు ఇన్నేళ్లుగా అలవాటు. ఈ బరువు మా ఇంట్లో ఎవరి ముందూ దించలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల నాలుగు ప్రాంతంలో గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఆకులు స్కాన్ చేసి, కంప్యూటర్లో తెగుళ్లు గుర్తించడం మా పని. ఒకరోజు కోటయ్య గారనే కౌలురైతు, నాటగా మిగిలిన నాలుగు మిరప మొక్కలు తెచ్చారు. ఆకును స్కాన్ చేసి, తెర మీద జూమ్ చేసి చూపించాను. ఆకు ఈనెల మధ్య లేత పసుపు మచ్చలు. నారు కొని రెండు రోజులే అయిందన్నారు. ఎక్కడ కొన్నారో నేను అడగలేదు.

చేనంతా ఆకులు ముడుచుకుపోయాక ఆయన నారు అమ్మిన నర్సరీ మీద ఫిర్యాదు చేశారు. తెగులు పొలంలోనే సోకిందని నర్సరీవాళ్లు వాదించారు. ఆ మొక్కలు అప్పటికే ఎండిపోయాయి. కొన్న రెండోనాటికే మచ్చలున్నాయనడానికి మిగిలిన సాక్ష్యం నా దగ్గరున్న బొమ్మే. చూడటానికి వ్యవసాయాధికారి వస్తున్నారన్నప్పుడు తెలిసింది, ఆ నర్సరీ మా అక్క భర్తదని.

బావగారు నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో. ఇలా అనుకోవడం కూడా నన్ను నేను కాపాడుకోవడమేనా?

బొమ్మను నేను చెరపలేదు. ఎంత వెలుగు దాటితే తెల్లగా చూపాలో బొమ్మను చూపే సాఫ్ట్‌వేర్‌కి మనమే ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకె బాగా తగ్గించాను. ఆకూ మచ్చలూ ఒకే తెలుపులో కలిసిపోయాయి. బొమ్మను తెర మీద ఒక చిన్న విండోలో సరిపెట్టి, జూమ్ పనిచేయకుండా ఇంకో లైను రాశాను. రెండే లైన్లు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

అధికారి చూశారు, మచ్చలేం లేవని తల ఊపారు. కోటయ్య గారు మాత్రం తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగారు.

"మొన్న మీరే పెద్దది చేసి చూపించారు గదమ్మా."

"అది వేరే కంప్యూటరండి. ఇందులో ఇంతకంటే పెద్దది కాదు."

ఆయన తెర మీంచి చూపు తిప్పి, మౌస్ మీదున్న నా చేతిని చూశారు. తర్వాత నన్ను. "అట్నా అమ్మా" అన్నారు. అంతే. నమ్మారో, నన్ను సిగ్గుపరచడం ఇష్టంలేక ఊరుకున్నారో తెలియదు.

తెగులు పొలంలోదేనని అధికారి రాసుకున్నారు. కోటయ్య గారు చేను పీకేసి, కౌలు వదిలేసి, దాచేపల్లి వైపు రాయి కొట్టే పనికి వెళ్లారని విన్నాను.

ఎప్పుడూ లేనిది, బావగారు ఆ వారం బుట్టెడు సీతాఫలాలు పంపారు. తెలిసే పంపారా? అక్కకి ఏమైనా చెప్పారా? ఫోన్లో అక్క గొంతు మామూలుగా ఉంటే నటిస్తోందనుకున్నాను, మెత్తగా ఉంటే తెలిసిందనుకున్నాను. ఆ పళ్లు మాత్రం తిన్నాం.

కోటయ్య గారిని వెతికి చెప్పవచ్చు కదా అంటారు. వెతకలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా, మీకు నేను కొంచెం మంచిదానిలా కనపడేట్టు ఎక్కడైనా దిద్దానేమోనని నా మీద నాకే అనుమానం. అందుకే ఆ అధికారి ముందు చెప్పాల్సిన మాట ఒక్కటి ఇక్కడ రాసి ఆపుతాను.

ఆ నారు కొన్ననాటికే జబ్బుది. నాకు తెలుసు.