బుచ్చన్న తీసిన కోటు ఫోటోలు

మా బుచ్చన్నకు తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. దోహాలో ఏ బొమ్మ కనిపించినా దాని ముందు ఒక మనిషిని నిలబెట్టి ఫోటో తీయకపోతే ఆయనకు అన్నం సయించదు. ఆ మనిషి తెలిసినవాడు కానక్కరలేదు. ఇష్టపడ్డవాడు కూడా కానక్కరలేదు.

బొమ్మలంటే ఆటబొమ్మలు కావు. ఈ ఊళ్ళో సముద్రం ఒడ్డున, పార్కుల్లో, బజార్లలో ఇంతింత శిల్పాలు నిలబెట్టారు. ముత్యాన్ని నోట్లో పెట్టుకున్న ఆల్చిప్ప ఒకటి, ఇళ్ళంత కుండలు కొన్ని, పాత బజారులో మనిషికంటే ఎత్తయిన బొటనవేలు ఒకటి. వాటి మీద పేరుకునే ఉప్పునీ, దుమ్మునీ, పావురాల రెట్టల్నీ కడిగే గ్యాంగులో బుచ్చన్న పదహారేళ్ళుగా ఉన్నాడు. ఊరు మెట్‌పల్లి దగ్గర. నేను అదే కంపెనీలో టైమ్‌కీపర్ని, కాకినాడవాణ్ణి, పేరు సాయిబాబు. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసుకోవడం నా పని. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం తన పని అని బుచ్చన్న తనకు తానే నిర్ణయించుకున్నాడు.

శుక్రవారం సెలవు. మెసైమీర్‌లో మేముండే లేబర్ క్యాంపులో మిగతావాళ్ళు బట్టలుతుక్కుంటూ ఉంటే, బుచ్చన్న మూడింటికల్లా సంచీ భుజాన వేసుకుని తయారు. సంచీలో దువ్వెన, పౌడరు డబ్బా, నల్లకళ్ళద్దాలు, బూటు పాలిష్, డజను బట్టల క్లిప్పులు. సెలవు పూట క్యాంపు నుంచి బజారుకు బస్సు నడిపేది నిజామాబాదు జహాంగీర్. ఆ బస్సు గేటు దాటకముందే బుచ్చన్న ఇంటర్వ్యూలు మొదలు.

"ఫోటో ఇంట్ల ఎవలు సూస్తరు?"

"మా అవ్వ, కాకా."

"అయితే కుండల కాడ. అవ్వకు కుండంటే తెలుస్తది. నీది?"

"నా పెండ్లాం సూస్తది."

"ఆల్చిప్ప. ముత్యం కనబడాలె, ముత్యం పక్కపొంటి నువ్వు కనబడాలె. నీకెవలు అడిగిన్రు?"

"మా మామ."

"పిల్లనిచ్చిన మామనా? బొటనవేలు కాడ నిలబడు. ఇంత పెద్ద వేలుతోని ముద్దరేసే కంపెనీల అల్లుడు చేస్తున్నడని బెదురుతడు."

ఇందులో లెక్క ఏమిటో చెప్పమని ఒకసారి అడిగాను. "సారూ, నువ్వు టైము రాసుకో" అన్నాడు.

నిలబెట్టడం ఒక ఎత్తు, తీయడం ఒక ఎత్తు. "గడ్డం లేపు. గంత లేపకు, సెలూన్ల కూసున్నట్టున్నవు. కడుపు లోపటికి గుంజు. కడుపే లేదా? అయితే ఊపిరి పీల్చి బయటికి నూకు. చెప్పులు అవుపడుతున్నయి, గడ్డిల నిలబడు." ఒక్క ఫోటోకు నలభై నిమిషాలు. ఈలోగా ఎండ తగ్గుతుంది. "వెలుగు మారింది, మల్లోపారి" అంటాడు. పొద్దున నున్నగా గీసుకొచ్చిన ఒక వంటమనిషికి ఫోటో పూర్తయ్యేసరికి మళ్ళీ గడ్డం మొలిచిందని క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను కొంత తగ్గించే చెబుతున్నాను.

ఒక శుక్రవారం పాదాల దాకా తెల్లటి తోబ్ వేసుకున్న ఖతరీ పెద్దమనిషి ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఆల్చిప్ప ముందు సెల్ఫీ తీసుకుంటున్నాడు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. బుచ్చన్న వెళ్ళి, "బాబా, మాఫీ అచ్ఛా! చష్మా నికాలో. బచ్చా ఇధర్, యల్లా, యల్లా!" అని, ఫోటో బాలేదని వచ్చీరాని అరబ్బీ, హిందీ కలిపి చెబుతూ ఆయన చేతిలోంచి ఫోను తీసేసుకున్నాడు. నన్ను ఇంటికి పంపించే విమానం నా కళ్ళ ముందు ఎగిరింది. అరగంట పోయాక ఆ పెద్దమనిషి ఫోటో చూసుకుని, బుచ్చన్న వీపు తట్టి, కారులోంచి ఖర్జూరాల డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

"సూసినవా సారూ?" అన్నాడు బుచ్చన్న ఖర్జూరం నములుతూ. "పాపం, గా పెద్దమనిషికి సుత మంచిగ నిలబడుమని చెప్పేటోడు లేడు."

ఇదంతా నేను భరించేవాణ్ణి. భరించలేనిది కోటు. సంచీ అడుగున కాఫీరంగు కోటు ఒకటి ఉండేది. అల్ హిలాల్‌లో ఎవరో ఖాళీ చేసిన విల్లా ముందు దొరికిందట. అది కుట్టించుకున్నవాడెవడో గాని, అందులో ఇద్దరు హాయిగా పడతారు. బక్కవాళ్ళకు వేసినప్పుడు వెనక క్లిప్పులతో బిగించేవాడు. ముందు నుంచి చూస్తే మేనేజరు, వెనక నుంచి చూస్తే దండెం. నలభై రెండు డిగ్రీల్లో ఆ కోటు వేసుకుని చెమటలు కక్కుతూ నవ్వేవాళ్ళు. అయితే దాన్ని అందరికీ ఇచ్చేవాడు కాదు. ఏ రెండు వారాలకో ఒకడికి. నేనొకసారి అడిగాను. సిగ్గు విడిచి రెండోసారీ అడిగాను.

"నీకెందుకు సారూ? నువ్వు మంచిగనే ఉన్నవు గద."

"మంచిగా ఉన్నవాడు కోటు వేసుకోకూడదా?"

"ఏసుకోవద్దు" అని సంచీ మూసేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంటర్ పాసైన టైమ్‌కీపర్‌కి దక్కని కోటు మొన్న దిగిన హెల్పర్‌కి దక్కుతుందా? నెల రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన గమనించనే లేదు. దానికి ఇంకా మండింది.

సెప్టెంబరులో మారుతి పడ్డాడు. మారుతి బుచ్చన్న ఊరివాడే, అదే గ్యాంగు. కుండలు కడుగుతూ, తను పోసిన సబ్బునీళ్ళ మీద తనే జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వేళ్ళ మొదటి నుంచి మోచేతి పైదాకా పిండికట్టు. ఊళ్ళో భార్య ప్రమీలకు ఎనిమిదో నెల. ఆమె బెంబేలు పడుతుందని, ఫోనులో కెమెరా పాడైందని చెప్పి వీడు మాటలతోనే నెట్టుకొస్తున్నాడు. మూడో వారానికి ఊళ్ళో పుకారు పుట్టింది, మారుతికి చెయ్యి తీసేశారని. గురువారం ప్రమీల ఫోను చేసింది.

"రేపు పొద్దుగూకేవరకు నీ ఫోటో రావాలె. నిలువుది. రెండు చేతులు అవుపడాలె. రాకుంటే నేను అన్నం ముట్ట."

ప్రమీల అన్నదంటే చేసేదేనట. కడుపుతో ఉన్న మనిషి. మారుతి ఏడుస్తూ వచ్చి బుచ్చన్న మంచం మీద కూలబడ్డాడు. బుచ్చన్న పెద్దగా ఆలోచించలేదు. సంచీలోంచి కోటు తీసి దులిపాడు.

శుక్రవారం నాలుగింటికి బొటనవేలు దగ్గర దిగాం.

"భార్య చూసే ఫోటో అయితే ఆల్చిప్ప కదా?" అన్నాను.

"ఆల్చిప్ప కాడ నీళ్ళుంటయి. దాసుకోను జాగ లేదు."

"ఎవరు దాక్కోవాలి?"

"జహాంగీర్."

మారుతి బొటనవేలి అంచున నిలబడాలి. పిండికట్టు కోటు లోపల, బొత్తాల వెనక. ఆరడుగుల జహాంగీర్ బొటనవేలి వెనక నక్కి, కోటు కింది నుంచి తన కుడిచెయ్యి దూర్చి ఖాళీగా ఉన్న కోటు చేతిగొట్టంలోంచి బయటికి తీయాలి. అదే మారుతి కుడిచెయ్యి.

"బుచ్చన్న భాయ్, నా చెయ్యి గోరా ఉంది, వాడిది నలుపు" అని బొటనవేలి వెనక నుంచి వినిపించింది. బుచ్చన్న బూటు పాలిష్ మూత తీశాడు.

"అరె! ఏం పూస్తున్నవ్? రాత్రి ఈ చేత్తోనే రొట్టె తినాలె నేను!"

"చెంచాతోని తిను. కదలకు."

చుట్టూ జనం మూగారు. సెక్యూరిటీ గార్డు వచ్చి మారుతిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. అప్పటికి బొత్తాల మధ్య నుంచి పిండికట్టు కూడా తొంగి చూస్తోంది. "వన్ మ్యాన్, త్రీ హ్యాండ్?" అన్నాడు. బుచ్చన్న తడుముకోలేదు. "ఫ్యామిలీ ఫోటో, సర్" అన్నాడు. గార్డు ఏమనుకున్నాడో, జనాన్ని రెండడుగులు వెనక్కి జరిపి తనూ చూస్తూ నిలబడ్డాడు.

"ఇగ నవ్వు" అన్నాడు బుచ్చన్న.

"నవ్వత్తలేదు కాకా."

నేను గంట పడుతుందనుకున్నాను. బుచ్చన్న ఫోను జేబులో పెట్టి, దగ్గరికి పోయి, తన తువ్వాలతో వాడి మొహం తుడిచాడు. "నవ్వకు బిడ్డా. నీకు నవ్వు వచ్చినప్పుడే నవ్వు. నన్ను సూడకు, ప్రమీల ఈడనే నిలబడ్డదనుకోని సూడు" అన్నాడు. రెండు నిమిషాల్లో ఫోటో అయిపోయింది. పదహారేళ్ళలో అదే మొదలు.

ఫోటో పంపించి బస్సెక్కాం. జహాంగీర్ బండి తీయకుండా పాత పేపరుతో చెయ్యి రుద్దుకుంటున్నాడు. వెనక సీట్లో మారుతి, కొంచెం ముందు బుచ్చన్న. నేను జహాంగీర్ పక్కకు చేరి నా పాత కడుపుమంట బయటపెట్టాను. మారుతికి అడక్కుండానే ఇచ్చిన కోటు నాకెందుకు ఇవ్వడు?

జహాంగీర్ నావైపు వింతగా చూశాడు. "మీకు తెల్వదా సార్? ఆ కోటు తక్లీఫ్‌లో ఉన్నోళ్ళకు. మొన్నటి హెల్పర్‌కు కామెర్లయి బక్కచిక్కి బొక్కలు తేలినయి, అవి కనబడొద్దని కోటు. అంతకుముందోడికి డ్యూటీ పోయింది, అంగీ చినిగి ఉండె. ఇంట్ల ఔరత్‌లు చూసి పరేషాన్ కావొద్దు గదా."

"మరి మిగతా అందరికీ ఎందుకు తీస్తాడు?"

"ఒక్కడికే తీస్తే వాడికి షరమైతది సార్. అందరికి తీస్తే అందరితోని వాడొకడు."

నెల రోజులు మొహం మాడ్చుకుని తిరిగినందుకు నాకు నిజంగానే సిగ్గేసింది. ఏమైనా అనేలోపే బుచ్చన్న ఫోను మోగింది. ప్రమీల. బుచ్చన్న దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు మాట్లాడు సారూ. అబద్ధం చెప్పాల్నంటే నా నోరు తిరగది" అని వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

"సారూ, బుచ్చన్న మామ పక్కన ఉన్నడా?" అంది ప్రమీల.

"నాలుగు సీట్ల అవతల ఉన్నాడమ్మా."

"అయితే మెల్లగ చెప్పుండ్రి. మా ఆయనకు చెయ్యి ఉన్నదా, లేదా?"

"ఫోటోలో చూశావు కదమ్మా..."

"సూసిన. గా చెయ్యికి నీలంరాయి ఉంగరం ఉన్నది. మొగోనిది ఏ చెయ్యో నాకెరుక లేదా?"

జహాంగీర్ చేతివైపు చూశాను. పాలిష్ మధ్య నుంచి నీలిరంగు ఫిరోజా రాయి ఉంగరం మెరుస్తోంది. అంత హడావుడిలో మాలో ఒక్కరికీ అది తట్టలేదు.

"ఉందమ్మా. విరిగింది, అంతే. పిండికట్టు వేశారు, మూడు వారాల్లో తీసేస్తారు. వేళ్ళు కదులుతున్నాయి, నేను చూశాను."

అవతల నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. ఏడుస్తోందని తెలిసింది. తర్వాత గట్టిగా ముక్కు చీదిన చప్పుడు.

"ఇగ తింట సారూ. తెల్వకుంటేనే పానం కొట్టుకుంటది. కోటు సూడంగనే ఏదో అయిందని అనుకున్న."

"కోటు చూసి తెలిసిందా?"

"మా ఊర్ల అందరికెరుకే సారూ, దుబాయ్ కోటు." ఇది ఖతర్ అమ్మా అనబోయి ఊరుకున్నాను. "ఎల్లవ్వ మొగడు ఏసుకున్నప్పుడు కామెర్లు. మాలతి వాళ్ళన్న ఏసుకున్నప్పుడు డ్యూటీ పోయింది. ఎవలింటికి కోటు ఫోటో అస్తే ఆ ఇంటికి తలా ఒక కూరగిన్నె వట్టుకొని పోయి కూసుంటం. ఏమైందని అడుగం. అప్పుడే మా ఇంట్ల ఆరు గిన్నెలున్నయి."

"బుచ్చన్నకు ఈ సంగతి..."

"చెప్పకుండ్రి! మామ మనసు చిన్నబోతది. తీయనీయుండ్రి. కోటు అస్తేనే మాకు ఇక్కడ నిజం తెలుస్తది."

ఫోను పెట్టేసి ముందు మారుతి దగ్గరికి వెళ్ళాను. "ఆమెకు తెలుసురా. తింటానంది. కెమెరా బాగైందని చెప్పి నువ్వే ఫోను చెయ్యి" అని చెవిలో చెప్పాను. వాడు ఎడమచేత్తో ఫోను వెతుక్కోవడం మొదలుపెట్టాడు. బుచ్చన్న సీట్లోంచి మెడ చాచి చూస్తున్నాడు.

"ఏమన్నది సారూ?"

"ఫోటో చాలా బాగుందట. అన్నానికి కూర్చుంటోంది."

"రెండు చేతులు?"

"రెండూ చూసిందట."

బుచ్చన్న మొహం వెలిగిపోయింది. డ్రైవరు సీటు దాకా నడిచివెళ్ళి జహాంగీర్ భుజం చరిచాడు. "సూసినవా భాయ్? మా ఊరి ఆడోళ్ళు వట్టి అమాయకులు. ఏది సూపిస్తే అదే నమ్ముతరు, పాపం."

"అవును బుచ్చన్నా, వట్టి అమాయకులు" అన్నాను నేను.