వాసన హాజరు

నాదెండ్ల చుట్టుపక్కల మిరప తోటలకు మందు కొట్టాలంటే పున్నారావే రావాలి. ట్యాంకు వీపున తగిలించుకుంటే సాలు చివరి దాకా ఆగడు. అంత పనిమంతుడికీ ఆసామి కృష్ణయ్య దగ్గర సాయంత్రం పరీక్ష తప్పేది కాదు. వెనకెవడో మందు కాలవలో పారబోసి కూలి పట్టుకుపోయాడట. అప్పట్నుంచి ఆ మహానుభావుడు అరుగు మీద కూర్చుని కూలీల చొక్కాలు వాసన చూసేవాడు. ఘాటు కొడితే పనైనట్టు, లేకపోతే లేనట్టు. ఇంతకంటే తిక్క లెక్క ఎక్కడైనా ఉంటుందా?

దాంతో పున్నారావు మందుకు తడిసిన చొక్కాతోనే ఊరంతా దాటి, వాసన చూపించుకుని ఇంటికొచ్చేవాడు. రాగానే ఏడాది నిండిన కూతురు చిన్నారిని ఎత్తుకునేవాడు. పిల్ల ఒళ్లంతా దద్దుర్లు, కళ్లెంట నీళ్లు. ఆసుపత్రిలో నర్సమ్మ ఇదంతా చొక్కాకున్న మందు వల్లేనని కనిపెట్టి, తోటలోనే స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే పిల్లను ముట్టుకోమని గట్టిగా చెప్పింది. మరి వాసన లేకపోతే హాజరు పడేదెలా? పున్నారావు నీరుగారిపోయాడు.

"ఆయనకి కావాల్సింది చొక్కా వాసనేగా, నువ్వెందుకయ్యా?" అంది భార్య పూర్ణిమ.

మర్నాడు అతను బోరు కింద సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, మందు చొక్కాను పొడుగాటి కర్రకు తగిలించి కృష్ణయ్య ముందు నిలబెట్టాడు.

"ఇది నీ చొక్కానేనని గ్యారంటీ ఏందిరా?"

"నిన్నటిదాకా నువ్వు చూసింది దీన్నే బాబాయ్. నన్ను కాదుగా."

కృష్ణయ్య చొక్కాను రెండుసార్లు వాసన చూసి ఒప్పుకున్నాడు. మిగతా కూలీలు ఊరుకుంటారా? వాళ్లూ చొక్కాలే పట్టుకొచ్చి అరుగు మీద దండేనికి వేసిపోయారు. ఆయన ఒక్కో చొక్కాను పేరు పెట్టి పిలిచి, ఇవాళ ఘాటు తగ్గిందని మందలించడం మొదలుపెట్టాడు. చొక్కాలు ఎదురు చెప్పవు కాబట్టి ఈ పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. అయినా పూర్ణిమ మాత్రం కర్ర మోసిన చేతులకు కూడా కంపంటుతోందని పిల్లను మొగుడి చేతికివ్వలేదు.

ఇవతల ఆ చొక్కాల ఘాటుకు కృష్ణయ్య భార్య సీతమ్మకు దగ్గు పట్టుకుంది. అరుగు వైపు రాలేక పెరటి దారిన తిరిగి తిరిగి ఆమెకు ఒళ్లు మండింది. చొక్కాలతో పాటు మొగుడి మంచాన్నీ వీధిలో పెట్టించి, అంత అనుమానముంటే తోటకే పోయి చూసుకోమంది. ఆయన తోటకు వెళ్లాడు. గట్టు మీద నిలబడి చూస్తే మందు కొట్టారో లేదో తెలుస్తుందని ఆ వయసులో తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రం పున్నారావు మందు చొక్కాను తోటలోనే వదిలేసి, ఒట్టి సబ్బు వాసనతో ఇంటికొచ్చి చేతులు చాచాడు. చిన్నారి ఎగాదిగా చూసి, గుక్కపట్టి ఏడుస్తూ తల్లి చాటుకు పోయింది. పుట్టిన దగ్గర్నుంచి దానికి నాన్నంటే ఆ మందు కంపే. పున్నారావు మనసు చివుక్కుమంది. గడప దగ్గరే చతికిలబడి, "నేనేనమ్మా, మీ నాయన్ని" అంటూ సొంత కూతురికి తనను పరిచయం చేసుకోసాగాడు.