దుర్గాంబ తగ్గించిన జ్వరం

దుర్గాంబకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీవీ చూస్తున్నా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూడాలి, ఫోన్లో మాట్లాడుతున్నా కిటికీ చువ్వలు తుడుస్తూ మాట్లాడాలి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న కూతురి ఇంటికి వచ్చిన కొత్తలో, "ఇదేం ఊరే, జనం ఎక్కడికి పరిగెడుతున్నారు?" అని బుగ్గలు నొక్కుకుంది గానీ, నిజం చెప్పాలంటే ఆ ఊరూ ఆవిడా ఒకరికొకరు సరిగ్గా సరిపోయారు.

రాజమండ్రిలో ఉన్నన్నాళ్లూ ఆవిడకో పేరుండేది. వీధిలో ఏ పిల్లకు ఒళ్లు వెచ్చబడినా ముందు ఆవిడకే కబురొచ్చేది. నుదుటి మీద చెయ్యేసి, పొట్ట నొక్కి, నాలుక చాపించి, "ఇది పడిశం జ్వరం, ఇది అరక్క వచ్చిన జ్వరం" అని తేల్చేసేది. జ్వరం దిగిందని తనకు తోచిన రోజున పథ్యం పెట్టించేది. మెత్తటి అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. పథ్యం తిన్నాక జబ్బు ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మందు సీసా అటకెక్కాల్సిందే! ఆవిడ అదృష్టమో పిల్లల అదృష్టమో గానీ, ఆ జ్వరాలన్నీ తగ్గేవే కాబట్టి తగ్గాయి. భర్త చలపతిరావు పోయాక, కూతురు రవళి ఉద్యోగానికి వెళ్తే మూడేళ్ల మనవరాలు ధాత్రిని చూసుకునేందుకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అల్లుడు రవికాంత్‌ది నెలలో సగం రోజులు క్యాంపుల మీద తిరిగే ఉద్యోగం. అంచేత ఇంట్లో ఆవిడ మాటే మాట.

వానాకాలంలో మన్యం వైపు రంపచోడవరంలో చుట్టాల పెళ్లయింది. అమ్మమ్మా మనవరాలూ అక్కడ నాలుగు రోజులు ఉండి, ఆరుబయట మంచాలేసుకుని పడుకుని, ఒంటినిండా దోమకాట్లతో తిరిగొచ్చారు. ఆ తర్వాత రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం ధాత్రి ఒళ్లు పెనంలా కాలిపోయింది. రవళి సోమాజిగూడ ఆఫీసునుంచి పరుగున వచ్చి, పంజగుట్టలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ సిరప్ రాసింది. అసలే జ్వరాల కాలం, మలేరియాకీ డెంగీకీ రక్తపరీక్ష చేయించి తీరాలంది. అప్పటికే ల్యాబ్ నిండా జనం, పిల్ల ఒకటే ఏడుపు. పొద్దున్నే వద్దామనుకుని ఇంటికొచ్చేశారు.

పొద్దున్నకల్లా ఒళ్లు చల్లబడింది. ధాత్రి సోఫా మీదనుంచి కిందకి గెంతుతోంది.

"ఏంటమ్మా, పొయ్యి మీద బీరకాయలు పెట్టావు? ల్యాబ్‌కి వెళ్లాలిగా?" అంది రవళి.

"దేనికే? చూడు ఎలా గెంతుతోందో! జ్వరం రాత్రే దిగిపోయింది. దిగిన జ్వరానికి చంటిదాని రక్తం లాగిస్తావా? నీకు నేనెన్ని జ్వరాలు తగ్గించలేదు?"

రవళి కాసేపు నసిగింది. కానీ తల్లి చేతిలో పెరిగిన పిల్ల, ఆ చేతిని కాదనడం ఎప్పుడు నేర్చుకుంది గనక? పథ్యం పెట్టడం అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ కాలింది. దుర్గాంబ సిరప్ పట్టింది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచింది, దిష్టి తీసింది. సాయంత్రానికి చెమటలు పోసి చల్లబడింది. "చూశావా!" అంది కూతురితో. ఆ మర్నాడు జ్వరం ఊసే లేదు. మళ్లీ పథ్యం! పైకి అంత ధీమాగా ఉన్నా, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పిల్ల పడుకుంటే చెయ్యేసి చూడ్డం, వంటింట్లోకి వెళ్లడం, గరిట అక్కడే వదిలేసి మళ్లీ వచ్చి చూడ్డం. ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చల్లగానే ఉందిగా, ఇంకా నాకెందుకీ గుబులు అని తనను తానే తిట్టుకుంది.

తెల్లారి రవళి ఆఫీసుకు వెళ్లాక, ధాత్రి "చలి అమ్మమ్మా" అంది. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఒక దుప్పటి కప్పింది, రెండో దుప్పటీ కప్పింది. పళ్లు టకటకలాడుతూ మంచం కదిలేలా వణుకుతోంది పిల్ల. సిరప్ పడితే వాంతి చేసుకుంది. నీళ్లు పడితే మింగకుండా పెదాల పక్కనుంచి వదిలేసింది. దుర్గాంబ వాకిట్లోకి వచ్చి "ఖుర్షీదా! ఓ ఖుర్షీదా!" అని సందంతా వినబడేలా కేకేసింది.

కింది వాటాలో మిషన్ కుట్టుకునే ఖుర్షీదా మెట్లెక్కి వచ్చి చూసి, "యా అల్లా! గిట్ల వణుకుతుందేందమ్మా? జర గా పిల్లను ఎత్తుకో. జావేద్ భాయ్ ఆటో కిందనే ఉన్నది, నడువు!" అంది. ఆటోలోంచే రవళికి ఫోన్ కూడా తనే చేసింది. పంజగుట్ట చౌరస్తాలో బండ్లు ఒక్కటీ కదలడంలేదు. "నేను దిగి నడుస్తాను బాబూ" అని దుర్గాంబ, "ఫికర్ చెయ్యకమ్మా, గిప్పుడే పోతం" అని జావేద్. పచ్చ సిగ్నల్ పడేదాకా ఆవిడ పిల్ల పేరు పిలుస్తూనే ఉంది. పిల్ల కళ్లు తెరిచి చూసింది గానీ బదులు పలకలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేస్తూ, "ఎప్పట్నుంచమ్మా జ్వరం?" అని అడిగింది.

"ఇవాళేనండి. ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది గానీ, నేనే తగ్గించేశాను."

డాక్టరమ్మ తలెత్తింది. "రోజు విడిచి రోజా?"

"అవునండి. మధ్యలో బంగారంలా ఆడుకుంది."

"మీరు తగ్గించలేదమ్మా. ఇదంతా ఒకటే జ్వరం. దానంతటదే పోయి, దానంతటదే వస్తోంది. నేను రాసిన రక్తపరీక్షలో ఏం వచ్చింది?"

సరిగ్గా అప్పుడే రవళి రొప్పుతూ లోపలికొచ్చింది. "ఆఫీసు హడావిడిలో కుదర్లేదండీ, నాదే..." అని ఏదో సర్దిచెప్పబోయింది.

"దాని తప్పేం లేదు. నేనే వద్దన్నాను" అంది దుర్గాంబ. "పెళ్లికని పిల్లను రంపచోడవరం తీసుకెళ్లానండి. దోమలు పీక్కుతిన్నాయి. అదీ చెప్పలేదు మీకు."

నర్సు ధాత్రి వేలు పొడిచి, రక్తపు చుక్కను చిన్న పట్టీ మీద వేసింది. కాసేపటికే తెలిసిపోయింది, మలేరియా. ఇంకాస్త రక్తం పెద్ద పరీక్షకు పంపి, సెలైన్ పెట్టి, పిల్లను అక్కడే ఉంచేశారు. బరువు చూసి మాత్ర పొడి చేసి పట్టారు. చేదుకు ధాత్రి కాసేపట్లోనే మొత్తం కక్కేసింది. "అమ్మో, వాంతయింది! మందంతా పోయింది, మళ్లీ వెయ్యాలేమో చూడండి!" అని దుర్గాంబ వార్డు దద్దరిల్లేలా నర్సును పిలిచింది. మళ్లీ వేశారు. ఈసారి లోపలే ఉంది.

రవళి తల్లిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని దుర్గాంబ ఎంత ఎదురుచూసిందో! నాలుగు తిడితే ఏడ్చి ఊరుకునేది. ఇంటికొచ్చాక కూడా రవళి సెలవు పొడిగించుకుని, మందు తనే వేస్తూ, పిల్లను తన పక్కనే పడుకోబెట్టుకుంది. జ్వరం కనబడకపోయినా మందు రెండు వారాలూ పూర్తిగా వాడాలనీ, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుందనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. దుర్గాంబ ఆ గది గుమ్మం దాకా వచ్చేది, లోపలికి తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయేది. తన మనవరాలి మీద చెయ్యి వెయ్యడానికి ఆవిడకు భయం వేసింది.

జ్వరం రావాల్సిన రోజు వచ్చింది, వెళ్లింది. దాని తర్వాతిదీ వెళ్లింది. ధాత్రికి ఆకలి పుట్టింది, అల్లరి పుట్టింది. ఆఫీసువాళ్లు ఇక కుదరదన్నాక, ఒక పొద్దున రవళి చంకలో పిల్లతో, భుజాన బ్యాగుతో తల్లి ముందు నిలబడింది.

"అమ్మా, ఓసారి చూడు. తగ్గిపోయినట్టేనా?"

దుర్గాంబ భయంభయంగా నుదుటి మీద చెయ్యేసింది. చల్లగా ఉంది. పొట్ట మెత్తగా ఉంది. నాలుక ఎర్రగా ఉంది. "తగ్గిపోయిందే" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదే రవళీ" అంది. "మందు అయ్యాక రక్తం మళ్లీ చూస్తానంది కదా డాక్టరమ్మ. అప్పటిదాకా పూట తప్పకుండా వేద్దాం. ఏ వేళకి ఏది వెయ్యాలో ఇంకోసారి చెప్పు."

రవళి చెప్పింది. పిల్లను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్లింది.